కొత్తగా కొన్న బోటుకు కరెంటు పని: ముందు వైరు, తర్వాత రేడియో, లైట్లు, ఆఖరున స్క్రీను

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కాకినాడలో 42 అడుగుల పాత చెక్క బోటు కొన్నారు. ఇంజిను 24 వోల్టుల స్టార్టింగు. పాత వైరింగు మొత్తం పీకేసి, వేట నిషేధం ముగిసేలోగా కొత్తది వేయించాలి. చేతిలో ఉన్న డబ్బులో ఎక్కువ భాగంతో పెద్ద స్క్రీను ఉన్న జీపీఎస్, ఫిష్ ఫైండర్ కలిసిన సెట్టు కొని, మిగిలినదాంతో వైర్‌లెస్, లైట్లు, వైరింగు సర్దుకుందామని మీ ఆలోచన. ఏ కంపెనీ మంచిదని అడిగారు.

20 ఏళ్ళకు పైగా విశాఖ, కాకినాడ జెట్టీల్లో బోట్లకు కరెంటు పనే చేస్తున్నాను. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం. మీరు అనుకున్న వరస మాత్రం తిరగెయ్యమంటాను. సముద్రం మీద సెట్టు పనిచేయడం లేదని నన్ను పిలిచినప్పుడు ఎక్కువసార్లు సెట్టు బాగానే ఉంటుంది. దానికి అందాల్సిన కరెంటే అందదు.

ఒకసారి ఒక బోటులో రేడియో వినిపిస్తోంది గాని ఇటు నుంచి మాట్లాడితే అవతలివాళ్ళకు ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. ఆ బోటు నడిపే సరంగు అప్పటికి రెండు సెట్లు మార్చాడు. "సెట్లన్నీ దొంగ సరుకే మావా" అన్నాడు. నేను మీటరు రేడియో వెనకాల పెట్టి చూశాను, 12.6 వోల్టులు. మాట్లాడే బటన్ నొక్కమన్నాను, 10.4కి పడిపోయింది. వినడానికి అర ఆంపియరు చాలు. 25 వాట్లతో మాట్లాడాలంటే దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి కేబిన్ దాకా ఇళ్ళకు వాడే సన్న వైరు, మధ్యలో మూడు చోట్ల మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు. తీగ మార్చాక ఆయన పక్కన పడేసిన మొదటి సెట్టే చక్కగా పలికింది.

అందుకే వైరు గురించి ముందు చెబుతాను. లెక్క కష్టమేం కాదు. తీగ పొడవును రానూపోనూ మీటర్లలో తీసుకుని 0.0175తో గుణించి, తీగ మందాన్ని చదరపు మిల్లీమీటర్లలో పెట్టి భాగిస్తే ఓములు వస్తాయి. దాన్ని ఆంపియర్లతో గుణిస్తే దారిలో పోయే వోల్టులు. రేడియో బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో ఉందనుకోండి, రానూపోనూ 10 మీటర్లు. 1.5 వైరు వేస్తే 6 ఆంపియర్ల దగ్గర 0.7 వోల్టు పోతుంది, అంటే 12లో దాదాపు 6 శాతం. 4 వైరు వేస్తే 0.26 వోల్టే పోతుంది, 2 శాతం చిల్లర. రేడియో, జీపీఎస్, నావిగేషన్ లైట్లకు 3 శాతం దాటనివ్వకండి. కేబిన్ లైటు, ఫ్యాను లాంటివాటికి 10 శాతం దాకా పోయినా నష్టం లేదు.

మందం ఒక్కటే కాదు, తీగ రకం కూడా చూసుకోవాలి. ఇత్తడి గిన్నెకు కళాయి వేయించినట్టు, సన్న రాగి పోగు ప్రతిదానికీ కళాయి పూసిన మెరైన్ వైరు దొరుకుతుంది. ధర ఎక్కువే, అయినా అదే కొనండి. మామూలు రాగి వైరులో ఉప్పు తేమ పోగుల మధ్య నుంచి పైకి పాకుతుంది. రెండు సీజన్లు పోయాక తొడుగు చీల్చి చూస్తే లోపల నల్లగా, పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. పైకి కొత్తగానే కనిపిస్తుంది, అదే ప్రమాదం. ఒంటి పోగు వైరు అసలు వద్దు, ఇంజిను అదురుకు లోపలే తెగిపోతుంది. చివరలకు లగ్గులు (తీగ కొసకు తొడిగే లోహపు ముక్కలు) క్రింపింగ్ టూలుతో బిగించి, లోపల జిగురు ఉండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవు వేయించండి. కటింగ్ ప్లేయరుతో నొక్కి "అయిపోయింది సార్" అనే మనిషి చేత పని చేయించకండి. టంకం ఒక్కదాన్నే నమ్ముకున్న జాయింటు కూడా అదురుకు విరుగుతుంది. ఏ పెట్టెలోకి వెళ్ళే వైరైనా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళి దూరాలి. నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే ఉండాలి. కేబిన్ బోర్డులో ఉంది కదా అంటే సరిపోదు. బ్యాటరీకి, బోర్డుకు మధ్య ఉన్న తీగ ఎక్కడైనా ఒరుసుకుని షార్టయితే దాన్ని ఆపేదెవరు? ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా తీగను. అందుకే తీగ మోయగలిగిన దానికి మించిన ఫ్యూజు పెట్టకూడదు. పోయిన ఫ్యూజు చోట సిగరెట్టు రేకు చుట్టడం నేను కళ్ళారా చూశాను. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వరసగా తగలబడటం చూసినవాళ్ళం. ఒకదానికొకటి కట్టేసి, డీజిలు, గ్యాసు సిలిండర్లు లోపల పెట్టుకున్న బోట్లలో నిప్పు అంటుకుంటే అది ఒక్క బోటుతో ఆగదు. మీ బోటులో పుట్టే నిప్పురవ్వ పక్కవాడి బతుకు మీద కూడా పడుతుందని గుర్తుంచుకుని ఫ్యూజులు కొనండి.

ఇక 24 వోల్టుల సంగతి. మీ పాత వైరింగులో తప్పకుండా ఒక తప్పు ఉండి ఉంటుంది, చూసుకోండి. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 చేస్తారు. రేడియోకు 12 కావాలి కాబట్టి రెండింటిలో ఒకదాని మీద నుంచి వైరు లాగేస్తారు. ఇంజినుతో తిరిగి బ్యాటరీలను చార్జి చేసే ఆల్టర్నేటరు రెండింటికీ ఒకే కరెంటు పంపుతుంది. ఒక బ్యాటరీ రోజూ ఎక్కువ ఖర్చవుతుంది, దానికి ఎప్పుడూ కడుపు నిండదు. రెండోది అవసరానికి మించి చార్జయి నీళ్ళు మరిగి ఎండిపోతుంది. ఏడాది తిరిగేసరికి రెండూ పోతాయి. 24 నుంచి 12 చేసే డీసీ కన్వర్టరు కొనండి. రేడియో 6 ఆంపియర్లు లాగినా వేడెక్కకుండా ఉండాలంటే 15, 20 ఆంపియర్లది తీసుకోండి. దాన్ని ఇంజిను గదిలో కాకుండా కేబిన్‌లో, రేడియో పక్కనే పెట్టండి. అప్పుడు పొడుగు తీగలో 24 వోల్టులు నడుస్తాయి. వాట్లు అవే కాబట్టి కరెంటు సగమవుతుంది, దారిలో పోయేదీ తగ్గుతుంది. పేరున్న కంపెనీల ప్లాటర్లు, అంటే జీపీఎస్ స్క్రీన్లు, చాలావరకు 12కి, 24కి రెండింటికీ పనిచేస్తాయి. వెనక రాసి ఉంటుంది, చదివి కలపండి.

ఇంజిను స్టార్టు చేసే బ్యాటరీలు వేరు, సామాను నడిపే బ్యాటరీలు వేరు ఉండాలి. దీనిలో బేరం వద్దు. రాత్రంతా లైట్లు వెలిగించి తెల్లవారి ఇంజిను తిరగకపోతే, తీరానికి 60 కిలోమీటర్ల దూరంలో తోసి స్టార్టు చేయడానికి అది లారీ కాదు. ఇంజిను తిరుగుతున్నప్పుడు రెండు జతలూ చార్జయ్యేలా, ఆగినప్పుడు విడిపోయేలా వోల్టేజిని బట్టి కలిపే 24 వోల్టుల రిలే దొరుకుతుంది.

సామాను బ్యాటరీ ఎంత ఉండాలి? ఇంజిను చెడిపోయి ఒక రోజంతా తేలుతూ ఉన్నారని ఊహించుకుని లెక్క వేయండి. స్క్రీను, ఫిష్ ఫైండర్ కలిపి 20 వాట్లు, 24 గంటలకు 480 వాట్ అవర్లు. రేడియో 150. ఏఐఎస్ (మీరున్న చోటు చుట్టుపక్కల ఓడలకు తెలిపే పెట్టె) లేదా ట్రాన్స్‌పాండరుకు (మీరున్న చోటు ఒడ్డుకు తెలిపే పెట్టె) 150. ఎల్ఈడీ నావిగేషన్ లైట్లు 12 వాట్లు 12 గంటలు, దాదాపు 150. డెక్కు లైట్లు 100 వాట్లు 6 గంటలు, 600. కేబిన్ లైట్లు, ఫోన్ల చార్జింగు 200. మొత్తం 1,730. దాన్ని 24తో భాగిస్తే 72 ఆంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే దించితే దాని ఆయుష్షు పోతుంది కాబట్టి రెట్టింపు, 144. అంటే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కో బ్యాటరీ 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గరకు వస్తే సగం అయిపోయినట్టు. ఈ రెండు అంకెలు మీ సరంగుకు కంఠతా వచ్చేలా చూడండి. బ్యాటరీలు కదలకుండా పెట్టెలో కట్టి ఉండాలి, గాలి ఆడాలి. చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, పక్కన బీడీ వెలిగించకూడదు. లిథియం గురించి కూడా అడిగారు. బరువు తక్కువ, బాగుంటుంది. కాని పాత ఆల్టర్నేటరు నుంచి తిన్నగా కలిపితే, ఆల్టర్నేటరు ఓపలేనంత కరెంటు ఆ బ్యాటరీ లాగుతుంది. బ్యాటరీ లోపలి రక్షణ బోర్డు ఒక్కసారిగా కట్టయితే ఆల్టర్నేటరు డయోడ్లు పోతాయి. ఈ ఏడాదికి లెడ్ యాసిడ్‌తోనే వెళ్ళండి.

తర్వాత రేడియో. 25 వాట్ల ఫిక్స్‌డ్ వీహెచ్ఎఫ్, దానికి తోడు సొంత బ్యాటరీ ఉన్న 5 వాట్ల చేతి సెట్టు ఒకటి. కన్వర్టరు పోయినా, బోటులో నీళ్ళు నిండినా ఆ చేతి సెట్టు మాట్లాడుతుంది. ఆపదలో 16వ ఛానల్, 156.8 మెగాహెర్ట్జ్. డీఎస్‌సీ ఉన్న సెట్టు కొంటే ఎర్ర బటన్ నొక్కగానే 70వ ఛానల్ మీద మీ బోటు రేడియో గుర్తింపు నంబరు, జీపీఎస్ కలిపి ఉంటే మీరున్న చోటు కూడా వెళ్తాయి. ఆ నంబరు తొమ్మిది అంకెలు, మన దేశానిది 419తో మొదలవుతుంది. లైసెన్సు తీసుకుని, ఆ నంబరు సెట్టులో ఎక్కించాకే బోటు కదలాలి. చాలామంది సెట్టు కొని నంబరు ఎక్కించరు, అప్పుడు ఆ ఎర్ర బటన్ వల్ల ప్రయోజనం లేదు.

వీహెచ్ఎఫ్ దాదాపు చూపు వెళ్ళినంత దూరమే వెళ్తుంది. కాబట్టి వాట్ల కంటే యాంటెన్నా ఎత్తు ముఖ్యం. రెండు బోట్లలోనూ యాంటెన్నా నీటికి 8 మీటర్ల ఎత్తున ఉంటే 23 కిలోమీటర్ల దాకా మాటలు అందుతాయి. ఒడ్డున 50 మీటర్ల టవరు ఉంటే 40 కిలోమీటర్లు. ఇంకో విషయం, యాంటెన్నా కేబులు. సన్నటి ఆర్‌జీ 58 కేబులు 15 మీటర్లు వేస్తే మీ 25 వాట్లలో సగం దారిలోనే వేడిగా పోతుంది. అదే దూరానికి లావుపాటి ఆర్‌జీ 213 వేస్తే నాలుగింట మూడు వంతులు పైకి చేరుతుంది. సెట్టుకు వేలు పెట్టి కేబులు దగ్గర వందలు మిగుల్చుకోకండి. పైన కనెక్టరుకు దానికదే అతుక్కునే రబ్బరు టేపు గట్టిగా చుట్టించండి. నీళ్ళు మొదట దూరేది అక్కడే.

ఇస్రో తయారుచేసిన డాట్ అనే ఆపద పరికరం గురించి మీ ఫిషరీస్ ఆఫీసులో అడగండి. 2024లో వచ్చిన రెండో తరం డాట్‌లో, మీ కబురు అందిందని తిరిగి జవాబు కూడా వస్తుంది. మునిగిపోతున్నామో, నిప్పంటుకుందో, మనిషికి ఒంట్లో బాగోలేదో విడివిడిగా చెప్పవచ్చు. అదే ఏడాది ఆగస్టు 30న మత్స్య సంపద యోజన కింద లక్ష బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు బిగించే పని మొదలుపెట్టారు. మీ బోటు రిజిస్ట్రేషను కాగితాలు సరిగ్గా ఉంటే ముందు అక్కడ పేరు రాయించుకోండి, ఆ డబ్బు తీగకు మిగులుతుంది. ఏఐఎస్ తప్పనిసరి అన్నది 20 మీటర్లు దాటిన బోట్లకే. మీది 12.8 మీటర్లు. అయినా రాత్రిపూట పెద్ద ఓడల దారికి అడ్డంగా వల వేసేవాళ్ళయితే ఏఐఎస్ పెట్టించుకోమనే చెబుతాను. ఓడ నడిపే గదిలో ఉన్నవాళ్ళకు చెక్క బోటు రాడార్‌లో సరిగ్గా ఆనదు.

లైట్ల దగ్గర ఒక మాట. 12 మీటర్లు దాటింది కాబట్టి చిన్న బోట్లకు అమ్మే ఒక మైలు పక్క లైట్లు మీకు చెల్లవు. ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, వెనక తెలుపు, ఇవి 2 మైళ్ళు కనిపించాలి. స్తంభం మీది తెల్ల లైటు 3 మైళ్ళు. ట్రాలు వల లాగేటప్పుడు ఆకుపచ్చ పైన, తెలుపు కింద. ఇతర వలలకు ఎరుపు పైన, తెలుపు కింద. అలంకారానికి కేబిన్ చుట్టూ రంగురంగుల ఎల్ఈడీ పట్టీలు అంటించడం ఇప్పుడు ఎక్కువైంది. దయచేసి సముద్రం మీద అవి ఆర్పేయండి. ఎదురుగా వచ్చే ఓడకు మీరు ఎటు పోతున్నారో వాటి వల్ల అర్థం కాదు. చవక ఎల్ఈడీలకు ఇంకో దోషం ఉంది, రేడియోలో చప్పుడు పుట్టిస్తాయి. 2018లో అమెరికా కోస్ట్‌గార్డు కూడా దీని మీద హెచ్చరిక ఇచ్చింది. కొనేముందు పరీక్ష ఇలా చేయండి. రేడియో 16లో పెట్టి, గరగరను అణిచే స్క్వెల్చ్ నాబు అది ఆగేంత వరకే తిప్పండి. అప్పుడు లైటు వేయండి. గరగర మళ్ళీ మొదలైతే ఆ లైటు వెనక్కి ఇచ్చేయండి.

ఇప్పుడు మీరు మనసు పడ్డ స్క్రీను. ఏడంగుళాలది చాలు. ఎండలో కనిపించాలి, నీళ్ళకు ఐపీఎక్స్ 7 ఉండాలి, అంటే మీటరు లోతులో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. ఫురునో, గార్మిన్ లాంటివాటిలో ఏదైనా సరే, కాకినాడలోనో విశాఖలోనో బాగుచేసే మనిషి ఉన్నాడా అన్నదే చూడండి. మిగిలిన శ్రద్ధ అంతా బోటు అడుగున బిగించే ట్రాన్స్‌డ్యూసరు (నీళ్ళలోకి శబ్దం పంపి ప్రతిధ్వని పట్టేది) మీద పెట్టండి, ఎందుకంటే చేపను చూసేది అదే. 50 కిలోహెర్ట్జ్ లోతుకు వెళ్తుంది, వెడల్పుగా చూస్తుంది. 200 తక్కువ లోతులో చేపను, నేలను విడదీసి చూపిస్తుంది. రెండూ ఉన్నది తీసుకోండి.

ఫైబర్ బోటయితే గట్టి ఫైబర్ ఉన్న చోట లోపల నుంచే అతికించవచ్చు. చెక్కలోంచి అలా పనిచేయదు, అడుగున రంధ్రం చేయాల్సిందే. కంచు గొట్టం ఉన్నది కొనండి. ప్లాస్టిక్‌ది చెక్క నాని ఉబ్బినప్పుడు పగులుతుంది, అప్పుడు బోటు అడుగున రంధ్రం తెరుచుకున్నట్టే. స్థలం ఇంజినుకు ముందు వైపు, నీళ్ళు నురగ లేకుండా పారే చోట. బోటును తోసే ఫ్యాను (ప్రొపెల్లరు) రెక్కలు కిందికి దిగే పక్కన పెట్టండి. ముందుకు పోయేటప్పుడు వెనక నుంచి చూస్తే కుడివైపుకు తిరిగే ఫ్యానయితే అది కుడి పక్క. అడుగు వాలుగా ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌డ్యూసరు నిటారుగా కిందికి చూసేలా చెక్క దిమ్మ చెక్కించి పెట్టాలి. దాని కేబులు కోయకూడదు, మిగిలితే చుట్ట చుట్టి కట్టండి. కరెంటు వైర్లతో కలిపి కట్టకండి. ఒక బోటులో నిషేధం అయ్యాక స్క్రీను మీద ఏమీ రావడం లేదంటే వెళ్ళాను. రంగులు వేసినతను శ్రద్ధగా ట్రాన్స్‌డ్యూసరు ముఖానికి కూడా మూడు పూతలు వేశాడు. గీకేస్తే నేల కనిపించింది.

స్క్రీను, రేడియో స్పీకరు దిక్సూచికి మీటరు దూరంలో ఉండాలి. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. బిగించాక బోటును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి, జీపీఎస్ చూపే దిక్కుతో పోల్చుకోండి.

జీపీఎస్‌లో మొదటి రోజే ఒక సెట్టింగు చూడండి. 17 డిగ్రీల 41.50 నిమిషాలు అన్నది వేరు, 17 డిగ్రీల 41 నిమిషాల 50 సెకన్లు అన్నది వేరు. ఈ రెండింటికీ తేడా 600 మీటర్లకు పైనే. ఆపదలో చోటు చెప్పేటప్పుడు "41 పాయింట్ 50" అని పాయింటు పలికి చెప్పడం సిబ్బంది అందరికీ నేర్పండి. సరిహద్దు దగ్గర, చమురు రిగ్గుల దగ్గర అలారం పెట్టుకోండి. రిగ్గు చుట్టూ 500 మీటర్లు పోకూడని చోటు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు వెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు పాకిస్తాన్‌లో పట్టుబడి 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. ఆ ఇళ్ళ వాళ్ళు పడ్డ బాధ నాకు తెలుసు. అలారం మోత విసుగనిపించినా ఆపకండి.

బోటు అడుగున చేరిన నీళ్ళు తోడే పంపుకు ఫ్లోటు స్విచ్చి (నీళ్ళు పెరిగితే దానంతటదే పంపు వేసేది) ఉంటుంది, దాని కరెంటు మెయిన్ స్విచ్చి మీద నుంచి కాకుండా, సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీ నుంచి రావాలి. జెట్టీలో అందరూ దిగి మెయిన్ ఆపేసి వెళ్ళాకే కదా బోట్లు మునిగేది. ఆ పంపు వైరు జాయింటు మాత్రం నీటికి పైన ఉంచండి. అడుగు నీళ్ళలో కారే కరెంటు ఫ్యాను షాఫ్టును, ఇత్తడి వాల్వులను వారాల్లో తినేస్తుంది. అలాగని ఆ లోహాల బదులు తాము అరిగి వాటిని కాపాడే జింకు దిమ్మలు ఎన్ని పెడితే అంత మంచిదనుకోకండి. చెక్క బోటులో జింకు మరీ ఎక్కువైతే లోహం చుట్టూ క్షారం పుట్టి చెక్క మెత్తబడి పీచులా ఊడుతుంది. వాల్వు పక్కన తెల్లటి పొడి, పీచు కనిపిస్తే అదే.

పని పూర్తయ్యాక డబ్బు ఇచ్చేముందు రెండు పరీక్షలు మీరే చేయండి. అన్నీ ఆపేసి, పంపు ఫ్యూజు తీసి, బ్యాటరీ ప్లస్ విప్పి, మధ్యలో ఆంపియర్లలో మీటరు పెట్టండి. అంకె సున్నా రావాలి, రాకపోతే ఎక్కడో కారుతోంది. రెండోది, రేడియో బటన్ నొక్కి పట్టుకుని కన్వర్టరులోకి వచ్చే వోల్టులు, అదే సమయంలో బ్యాటరీ మీది వోల్టులు చూడండి. తేడా 0.7 దాటితే తీగో జాయింటో బాగోలేదు. ప్రతి తీగకు రెండు చివరలా నంబరు, ఆ నంబర్ల పటం ఒకటి ప్లాస్టిక్ తొడుగు వేయించి కేబిన్ తలుపు లోపల అంటించమని అడగండి. రాత్రి రెండు గంటలకు టార్చిలైటుతో వెతికేవాడికి అదే దిక్కు.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఆ 61 రోజులు చాలా ఉన్నట్టనిపిస్తుంది గాని, మే నెల సగమయ్యేసరికి జెట్టీలో పనివాళ్ళు దొరకరు. ఇంజిను గది నుంచి కేబిన్ బోర్డుకు తీగ వెళ్ళే దారి ఎన్ని మీటర్లో టేపుతో కొలిచి, ఆల్టర్నేటరు మీది రేకు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ దారికి ఎంత తీగ, ఎంత ఫ్యూజు కావాలో రాసిస్తాను. దుకాణానికి ఆ కాగితం పట్టుకుని వెళ్ళండి.